ఎనిమిది రోజుల మాట

మేడం పోయారన్న సంగతి నాకు రైల్లో తెలిసింది.

పెనుకొండలో ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ధర్మవరం నుంచి హిందూపురం మార్కెట్టుకు రోజూ కనకాంబరాలు తెచ్చే పూలామె ఎదురు సీట్లో ఉంది. బుట్టమీద తడిగుడ్డ సర్దుకుంటూ, "మీ కెమిస్ట్రీ మేడం పాయె గదా పాపా" అంది, పూల ధర చెప్పినంత మామూలుగా.

నాకు ముందుగా ఆమె గొంతు గుర్తొచ్చింది. గొంతంటే మాట కాదు, మెడ. "మళ్ళీ అక్కడే వచ్చిందా?" అని అడిగాను.

"గొంతులోనా? అది ఎప్పుడో బాగైపాయె. మొన్న మద్యాన్నం అన్నం తిని పండుకున్నామె లేయలేదంట. గుండె నిలిచిపాయె."

ఇన్నేళ్ళూ ఆమె కాపలా కాసింది ఒకచోట. చావు వచ్చింది ఇంకోచోటు నుంచి. హిందూపురంలో దిగి పనికి వెళ్ళాను. నేను అక్కడొక స్కూలు లైబ్రరీలో పనిచేస్తాను. ఆ రోజు కొత్త పుస్తకాలకు నంబర్లు వేస్తూ రెండింటికి ఒకే నంబరు వేశాను. సాయంత్రం ఇంటికొచ్చి పాత డైరీలు దించాను.

మేడం పొట్టిగా, సన్నగా ఉండేవారు. ధర్మవరంలో మగ్గమున్న ఇంటి కోడలే అయినా ఆమె పట్టుచీర కట్టగా నేను చూడలేదు. నవ్వితే చప్పుడు వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా "ఏం కాదులే" అని ఒక్కసారి కూడా అనలేదు. "చూద్దాం" అనేవారు. ఆ మాటతో ఎవరికీ ధైర్యం వచ్చేది కాదు. అయినా అందరూ మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఎక్కడికి వెళ్ళినా ముందు మనుషుల్ని లెక్కపెట్టేవారు. పెదవులు సన్నగా కదిలేవి. తనతో కలిపి సరిసంఖ్య వస్తే కూర్చునేవారు. బేసి వస్తే, ఇంకెవరైనా ఎక్కుతారేమోనని కాసేపు నిలబడేవారు. ఆడవాళ్ళ పెట్టెలో రోజూ వెళ్ళేవాళ్ళకు ఈ అలవాటు తెలుసు.

"ఈడ తొమ్మిదిమందిమి ఉండాం మేడం, నువ్వు కూర్చుంటే పది. కూర్చో" అనేది పూలామె.

"కడుపులో ఎవురన్నా ఉంటే ముందే చెప్పు. నా లెక్క తప్పుతాది."

"ఈ వయసులో నా కడుపులో సంగటి తప్ప ఏముంటాది మేడం!"

పెట్టెంతా నవ్వేది. మేడం భుజాలు కదిలేవి.

నేను చదివిన హిందూపురం కాలేజీలో ఆమె కెమిస్ట్రీ చెప్పేవారు. ఆమె ధర్మవరంలో ఎక్కితే నేను పెనుకొండలో ఎక్కేదాన్ని. క్లాసులో పేరు పిలిస్తే పలకడానికి నాకు నోరొచ్చేది కాదు, చెయ్యెత్తేదాన్ని. మిగతా లెక్చరర్లు చూడక ఆబ్సెంటు వేసేవాళ్ళు. మేడం మాత్రం నా పేరు దగ్గర ఆగి, తలెత్తి చూసి, "ఉండాదిలే" అని టిక్కు పెట్టేవారు. రైల్లో నా పక్కనే కూర్చునేవారు. నేను ఎదురు మాట్లాడను కాబట్టి, తనలో తాను అనుకుంటున్నట్టు పాఠాలు చెప్పేవారు.

ఒక రోజు బండి పెనుకొండ వదులుతుంటే కొండ చూపించి, "ఆ రాయి ఏం చేస్తాండాది?" అని అడిగారు.

రాయి ఏం చేస్తుంది, ఊరికే ఉంది అనుకున్నాను.

"పగుల్తాండాది. ఇప్పుడు, ఈ నిమిషంలో. చప్పుడు కాదు, అంతే."

రాతిలో పొటాషియం ఉంటుందనీ, అందులో మూడు రకాల పరమాణువులు ఉంటాయనీ చెప్పారు. మూడింటిలోనూ ప్రోటాన్లు పంతొమ్మిదే. న్యూట్రాన్లు ఒకదానిలో ఇరవై, ఒకదానిలో ఇరవై ఒకటి, ఇంకోదానిలో ఇరవై రెండు. "ఏది నిలబడదు?"

రెండు వేళ్ళు చూపించాను. ఇరవై రెండు.

"అందరూ అదే అంటారు. ఎక్కువుండేదే పగుల్తాదని. కాదు, నడిమిది. దాంట్లో జత లేని ప్రోటాన్ ఒగటి, జత లేని న్యూట్రాన్ ఒగటి మిగిలిపోతాయి. ఒగటి తక్కువైనా నిలబడ్తాది, ఒగటి ఎక్కువైనా నిలబడ్తాది. అది మాత్రం నిలబడదు."

ఆమె మనుషుల్ని ఎందుకు లెక్కపెడతారో నాకు అప్పుడు అర్థమైంది. నవ్వాలో భయపడాలో తెలియలేదు.

"ఈ పెట్టె చూడు" అన్నారు. "ప్రోటాన్లంటే ఒగరికొగరు పడనోళ్ళు. ఆ చివర్న కూర్చున్నామె మాట ఈ చివర్న ఉండేదానికి కూడా గుచ్చుకుంటాది, దూరంతో పనిల్యా. న్యూట్రాన్ ఎవురినీ తొయ్యదు. పక్కనుండేదాన్ని గట్టిగా పట్టుకుంటాది. ప్రోటాన్లూ పట్టుకుంటాయి. అయితే ఆ పట్టు పక్కోళ్ళ వరకే, రెండు సీట్ల అవతలికి అందదు. తోపు అందరికీ, పట్టు పక్కోళ్ళకి. అందుకే జనం పెరిగే కొద్దీ నీ మాదిరి నోరులేనోళ్ళు ఎక్కువ కావాల."

అలాగైతే నోరులేని వాళ్ళు ఎంత ఎక్కువుంటే అంత మంచిది కదా అని నోటుబుక్కులో రాసి చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

"బస్సులో ఆడోళ్ళ సీట్లు వేరే, మొగోళ్ళ సీట్లు వేరే ఉన్నట్టు, ప్రోటాన్ల సీట్లు వేరే, న్యూట్రాన్ల సీట్లు వేరే. న్యూట్రాన్లు మరీ ఎక్కువైతే సీట్లు నిండి, లగేజీ పెట్టే పలక మీదికెక్కి కూర్చోవాల. కింద ప్రోటాన్ల వరసలో సీటు ఖాళీగా కనపడతాంటాది. ఒగ రోజు ఆ పైనుండేది ప్రోటాన్ వేషం వేసుకోని కిందికి దూకుతాది. దూకేటప్పుడు పక్కనుండేవాళ్ళకు తగుల్తాది."

"ఏ రోజు?" అని రాశాను.

మేడం నా పెన్ను తీసుకుని ఆ రెండు మాటల కింద గీత గీశారు. "అది ఎవురికీ తెలీదు పాపా. కోట్ల ఏండ్లు కాసుకోనుండేదీ, నిన్న పుట్టిందీ ఒగటే. దానికి ముసలితనం రాదు, నీరసం రాదు, ముందుగా ఏ గుర్తూ చూపించదు. గుంపు నా చేతికిస్తే, ఇన్నాళ్ళకు సగం పోతాయని చెప్తా. ఒగటి చేతిలో పెట్టి, ఇది ఎప్పుడు అని అడిగితే చెప్పేవాళ్ళు ల్యారు."

ఆ సగం పోయే కాలానికి మా తెలుగు మీడియం కెమిస్ట్రీ పుస్తకంలో పేరు అర్ధాయువు. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఆ రోజు డైరీలో రెండుసార్లు రాసుకున్నాను.

నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా మేడం గొంతులో, థైరాయిడ్ గ్రంథిలో, క్యాన్సర్ గడ్డ తేలింది. బెంగళూరులో ఆపరేషన్ చేశారు. మిగిలిన కణాల కోసం రేడియో అయోడిన్ ఇస్తామన్నారు. దానికి వెళ్ళేముందు రోజు రైల్లో ఆమె అదీ పాఠంగానే చెప్పారు. మనం ఉప్పులో తినే అయోడిన్లో ప్రోటాన్లు యాభై మూడు, న్యూట్రాన్లు డెబ్బై నాలుగు. అది ఎప్పటికీ అలాగే ఉంటుంది. ఆసుపత్రి అయోడిన్లో న్యూట్రాన్లు డెబ్బై ఎనిమిది. నాలుగు ఎక్కువ. అది నిలబడదు.

"గొంతుకు ఈ తేడా తెలీదు" అన్నారు మేడం, మచ్చ మీద కొంగు లాక్కుంటూ. "రెండూ అయోడినే అనుకోని లోపలికి పిలుచుకుంటాది. లోపలికి పోయినాంక అది పగిలి, చుట్టూ ఉండేవాటిని కొడ్తాది. నాకు కావాల్సిందీ అదే. నాకు కాక ఇంకెవురికన్నా తగిలితేనే కష్టం."

ఇంకెవరో నాకు తెలుసు. ఆమెకు ఒక్కతే కూతురు, చిలమత్తూరులో ఇచ్చారు. అప్పుడు నాలుగో నెల. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు గర్భిణీలూ చిన్నపిల్లలూ దగ్గరికి రాకూడదని డాక్టరు చెప్పారట. కూతురికి ఫోను చేసి, నేను చెప్పేదాకా ధర్మవరం వైపు తిరిగి చూడొద్దని చెప్పానన్నారు.

మేడం ఆసుపత్రి నుంచి వచ్చారని తెలిసి, ఆదివారం పత్రికలు కొన్ని తీసుకుని ధర్మవరం వెళ్ళాను. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే. నేసేవాళ్ళు లేక మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. మేడం వెనక గదిలో, తలుపు దగ్గరికి వేసుకుని ఉన్నారు. అత్తగారు, అందరికీ ఆమె అవ్వే, వరండాలో కూర్చుని శనక్కాయలు వలుస్తోంది.

"లోపలికి పోవద్దంట పాపా. పళ్ళెం గడప కాడ పెట్టి రావాల్నంట, బట్టలు వేరే ఉతకాల్నంట. దీనికి బెంగళూరు డాక్టరు చెప్పాల్నా? మా కాలంలో నెలకు మూడు దినాలు ఇదే గదా మా బతుకు!" అంది అవ్వ. మేడం ఫోను కూడా అవ్వ ఒళ్ళోనే ఉంది, లోపలికి పోయిన వస్తువు బయటికి రాకూడదని.

లోపలి నుంచి మేడం, "అత్తా, ఆ పాపకు కాఫీ ఇయ్యి" అని కేకేశారు. నవ్వుతున్న గొంతు.

అవ్వ కొంగు ముడి విప్పి ఒక కాగితం తీసింది. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చింది, అంతా ఇంగ్లీషు. "నువ్వు సదువుకున్నదానివి. దీంట్లో ఏం రాసిండాదో చెప్పు. ఆమెనడిగితే 'చూద్దాం' అంటాది."

చదివాను. మందు పేరు, మోతాదు, జాగ్రత్తలు. ఒక పెద్ద మనిషి నన్ను చదివి చెప్పమని అడగడం అదే మొదటిసారి. నాకు తెలిసిన మాటల్లో మంచి మాట ఏరి చెప్పాను.

"అర్ధాయువు ఎనిమిది రోజులవ్వా."

అవ్వ వేళ్ళ మధ్య శనక్కాయ అలాగే ఉండిపోయింది. "అర్ధాయుష్షా?"

"ఊఁ. ఎనిమిది రోజులకు సగమైపోతుంది. ఇంకో ఎనిమిది రోజులకు మిగిలిన దాంట్లో సగం."

"ఆగేదానికి మందేం ల్యా?"

"దాన్ని ఎవరూ ఆపలేరవ్వా. వేడిచేసినా ఆగదు, చల్లారబెట్టినా ఆగదు." పరీక్షలో నాకు మార్కులు తెచ్చిన వాక్యం అది.

అవ్వ గడ్డంతో వెనక గదివైపు చూపించి, గొంతు తగ్గించింది. "ఆమెకు తెలుసునా?"

"తెలీకపోవడమేంది? మాకు చెప్పిందే మేడం."

"తెలిసీ నవ్వుతాంది సూడు" అంది అవ్వ. ఆమె కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు.

ఎక్కడో ఏదో తప్పిందని నాకు అనిపించింది. ఏమనుకున్నావవ్వా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. బండికి టైమైందని లేచాను. కాఫీ కూడా తాగలేదు.

నాలుగో రోజు పెనుకొండలో రైలెక్కగానే పూలామె నా చెయ్యి పట్టుకుంది. "మీ మేడమ్‌కు ఆయుష్షు ఎనిమిది దినాలేనంట గదా పాపా! డాక్టర్లే రాసిచ్చినారంట. అవ్వ మేడం కూతురికి ఫోన్ చేయించింది. ఈపొద్దు వస్తాదంట, కడసారి సూపుకు."

"ఎవరు చెప్పారు?"

"అవ్వే చెప్పి ఏడిసె. ఎవురో సదువుకున్న పిల్ల కాగితం సదివి చెప్పిందంట."

బండి కదిలింది. అర్ధాయువు, అర్ధాయుష్షు. ఒకటి మా పుస్తకంలో మాట, ఒకటి ఇళ్ళల్లో తిట్టేటప్పుడు వాడే మాట. రెంటికీ మధ్య ఎంత దూరముందో నాకు ఆ సీట్లో తెలిసింది. మందు ఆయుష్షును నేను మనిషికి కట్టబెట్టి వచ్చాను. ఆ మాట పట్టుకుని, రాకూడని ఒక్క మనిషే వస్తోంది.

మేడం నంబరుకు చేశాను. అవ్వ ఎత్తింది. "ఎవురు? ఎవురది?" నా పేరు చెప్పలేక పెట్టేశాను. మళ్ళీ చేస్తే ఫోను కలవలేదు.

మేడం కూతురూ అల్లుడూ చిలమత్తూరు నుంచి బస్సులో వచ్చి, హిందూపురంలోనే రైలెక్కుతారని లెక్కేసుకున్నాను. కాలేజీకి వెళ్ళకుండా ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాను. వాళ్ళను గుర్తుపట్టడం కష్టం కాలేదు. కూతురిది మేడం ముక్కే. కళ్ళు వాచి ఉన్నాయి. భర్త సంచీ మోస్తూ, "ఏడవొద్దు, లోపలి బిడ్డకు మంచిది కాదు" అంటున్నాడు. ధర్మవరం వైపు పోయే బండి వచ్చింది. వాళ్ళెక్కిన పెట్టెలోనే నేనూ ఎక్కి, ఎదురుగా కూర్చున్నాను.

ఆమే నన్ను పలకరించింది. "యాడికి పాపా?"

"ధర్మవరం."

"సదువుకుంటాండావా? మాయమ్మ గూడా లెక్చరరే, హిందూపురంలో."

"తెలుసక్కా."

"ఊరందరికీ తెలిసిపాయెనా?" అని భర్త భుజం మీద తల పెట్టేసింది.

పెనుకొండ వచ్చింది. కొండ అలాగే ఉంది. నేను చేతి వేళ్ళు గట్టిగా బిగించి, "అక్కా, గర్భిణీలు అక్కడికి..." అన్నాను.

"రావద్దని చెప్పినారులే, నాకు తెలుసు" అంది ఆమె నెమ్మదిగా. "ఎనిమిది దినాల్లో పోయే తల్లిని సూడకుండా కూర్చుంటే, రేపు ఈ బిడ్డ పుట్టి నన్నేమడుగుతాది చెప్పు?"

మీ అమ్మ పోదు అక్కా అనాలి. పోదని నీకెట్ల తెలుసు అంటుంది. ఆ మాట చెప్పింది నేనే అనాలి. నా నోటి వరకు వచ్చింది ఆ వాక్యం. ప్రతి స్టేషన్లోనూ, ఇది దాటగానే చెబుతానని అనుకున్నాను. ధర్మవరం దాకా ఎదురెదురుగా కూర్చుని, ఆమె పొట్ట మీద పెట్టుకున్న చెయ్యి చూస్తూ ఉన్నాను.

స్టేషన్ బయట వాళ్ళు ఆటో ఎక్కారు. నేను పరుగెత్తాను. ఎండలో చెప్పు తెగింది. ఇల్లు చేరేసరికి వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. వెనక గది తలుపు బార్లా తీసి ఉంది.

మేడం గోడకు ఆనుకుని, రెండు చేతులూ ముందుకు చాచి తోస్తున్నారు. కూతురు ఆ చేతుల మధ్యలోకి దూరి, తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, ఆ మచ్చకే మొహం ఆనించి ఏడుస్తోంది. "వదులే! దూరం పో! నా మాట విను తల్లీ, దూరం పో!" అని మేడం అరుస్తున్నారు. ఆమె అరవడం నేనెప్పుడూ వినలేదు. గడపలో అడ్డంగా నిలబడి అవ్వ, "పట్టుకోనియ్యే తల్లిని. ఇంగెన్నాళ్ళు పట్టుకుంటాది?" అంటోంది.

"అవ్వా! అది మేడం ఆయుష్షు కాదు! మందు ఆయుష్షు!"

ఆ కేక నాదేనని అందరూ నావైపు తిరిగాక తెలిసింది.

"ఎనిమిది రోజులకు సగమయ్యేది మందు. మనిషి కాదు. మేడమ్‌కు ఏమీ కాదు. అక్కను బయటికి రమ్మనండి, కడుపులో బిడ్డకు తగుల్తుంది!"

కూతురి చేతులు జారాయి. భర్త ఆమెను రెక్క పట్టి వరండాలోకి లాగాడు. అవ్వ నన్ను తేరిపార చూసింది. "నువ్వే గదే చెప్తివి? అర్ధాయుష్షు అని నీ నోటితోనే గదా చెప్తివి?"

"నేనే అవ్వా."

"అయితే మా కోడలు సచ్చిపోదా?"

"పోదు."

అవ్వ మగ్గం పక్కన కూలబడి, నోటిమీద తన చేత్తోనే కొట్టుకుంది. వాకిట్లో ఆడవాళ్ళలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు అందుకుని అవ్వా నవ్వింది, ఏడుస్తూనే. కూతురు కూడా నవ్వింది. మేడం నవ్వలేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఈసారి ఆమె లెక్కపెడుతున్నది మనుషుల్ని కాదు, కూతురు తనను పట్టుకుని ఉన్న నిమిషాల్ని.

ఆ రోజు నా డైరీలో "కాలేజీకి పోలేదు. ఎండ" అని మాత్రమే ఉంది.

రెండు నెలల తర్వాత మేడం మళ్ళీ రైల్లో కనిపించారు. నా పక్కనే కూర్చున్నారు. పెట్టెలో ఎందరున్నారో చూడలేదు. నేను నోటుబుక్కు తీయబోతే చేత్తో ఆపి, తానే చెప్పారు.

"డాక్టర్ని అడిగినా. అంత కొంచెంసేపటికి ఏమీ కాదన్నాడు. చానా చానా తక్కువ అన్నాడు. మంచోడు, ఓపిగ్గా చెప్పినాడు."

"అయితే భయం లేదు కదా మేడం?"

"తక్కువంటే ఆయన గుంపును చూసి చెప్తాడు. ఇంతమందిలో ఇంతమందికి అని. నాకుండేది ఒగ బిడ్డ. దాని లోపల ఒగ బిడ్డ." ఆమె కిటికీ బయటికి చూశారు. "నాలుగో నెలకు లోపలి బిడ్డకు గొంతు తయారై, పని మొదలుపెట్టి ఉంటాది. దానికీ తేడా తెలీదు."

నేను ఏడుపు ఆపుకోవడం చూసి, నా మోకాలి మీద చెయ్యి వేశారు. "పుస్తకంలో మాటను ఇంట్లోకి తెచ్చేముందు, ఆ ఇంట్లో దానికి ఏమర్థముందో అడుగు. అంతే. నేను గూడా అత్తకు చెప్పల్యా, ఆమెకేం తెలుస్తాదిలే అని. ఇద్దరిదీ తప్పే." నా మోకాలి మీది చెయ్యి తీసి మళ్ళీ అన్నారు. "నా కూతురికి మాత్రం, ఏమీ కాదంట అని చెప్పినా. నా జన్మలో ఆ మాట అనడం అదే మొదలు. ఎప్పుడన్నా అడిగితే నువ్వూ అదే చెప్పాల. భయం ఎవురో ఒగరు పడితే చాలు. నేను పడ్తా."

ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, ఏ లోపమూ లేకుండా. పూలామె రైల్లో అందరికీ మిఠాయి పంచింది. నేను చదువు ముగించాను, మేడం రిటైరయ్యారు, అవ్వ పోయింది. పండగలకు మేడమ్‌కు ఫోను చేస్తే మనవరాలి సంగతులే చెప్పేవారు. నడిచింది, స్కూల్లో వేశాం, పాటలు పాడుతుంది. చివర ఎప్పుడూ ఒకటే మాట. "చూద్దాం."

పూలామె కబురు చెప్పిన వారానికి ధర్మవరం వెళ్ళాను. మేడం కూతురు ఒక్కతే సామాన్లు సర్దుతోంది. భర్త కర్మకాండ సరుకులకు బజారుకు వెళ్ళాడట. ఆరేళ్ళ పాప వరండాలో పలక మీద గీతలు గీసుకుంటోంది.

"నీకొకటి చూపించాల పాపా" అని కూతురు బీరువాలోంచి ఒక రేకు డబ్బా తెచ్చింది. దాంట్లో ఎర్రటి పట్టు దారపు ముక్కలు. ఒక్కొక్కదానికి చిన్న చీటీ, చీటీ మీద మేడం అక్షరాలతో తేదీ. అన్నీ ఒకే పొడవు కాదు. ఒకదానికంటే ఒకటి కొంచెం పెద్దవి.

"పాప పుట్టినరోజుకు ఒగటి, మళ్ళా ఆరు నెలలకు ఒగటి. దీన్ని పాప మెడకు చుట్టి, కొలిచి, కత్తిరించి దాచిపెడ్తాండె మాయమ్మ. మెడ మీదికి టార్చిలైటు ఏసి, గలాసుడు నీళ్ళు తాగిస్తాండె. గుటక గుటకకూ ఆపి సూస్తాండె. దిష్టికి అని చెప్తాండె. ఆమెకు ఇట్లాంటివి నమ్మకం లేకపాయె గదా, మనవరాలు పుట్టినాంక మారిపోయిందిలే అని మేం నవ్వుకుంటిమి." కళ్ళు తుడుచుకుంది. "వచ్చే వారం పుట్టినరోజు. ఈ తూరి ఎవురు చేయాల? నువ్వు ఆమె దగ్గర సదువుకున్నదానివి. నీకేమన్నా తెలుసునా, ఇది ఎట్ల చేస్తారో?"

తెలుసు అన్నాను. గొంతులో గడ్డ ఉంటే గుటక వేసేటప్పుడే తేలి కనపడుతుంది.

పాపను కిటికీ దగ్గర వెలుగులో కూర్చోబెట్టాను. మెడ చుట్టూ దారం తిప్పి, రెండు కొసలు కలిసిన చోట గోటితో పట్టుకున్నాను. పాత దారం పక్కన పెట్టి చూస్తే కొంచెం ఎక్కువ వచ్చింది. పిల్లలు పెరుగుతారు. మెడ కూడా పెరుగుతుంది. గ్లాసు చేతికిచ్చి గడ్డం పైకెత్తమన్నాను. పాప తాగింది. చర్మం కింద ఏదో పైకి లేచి, కిందికి దిగింది. అందరి గొంతులోనూ అలాగే లేచి దిగుతుంది.

"ఏం సూస్తాండావు పాపా అంత దగ్గరగా?" అంది కూతురు నా వెనక నుంచి.

"ఏమీ లేదక్కా" అన్నాను. "దిష్టి పోయింది."

ఆమె దారాలు డబ్బాలో పెట్టడానికి అటు తిరిగింది. నేను టార్చి వెలిగించి, పాపను ఇంకో గుటక తాగమన్నాను.